బీడీ మానేసినా ఆయాసం ఎందుకు పోదు?

అనంతపురం నుంచి అడిగారు: "మా నాయనకు సీఓపీడీ అన్నారు. బీడీ మానేసి ఏండ్లయింది, అయినా కళ్లె, ఆయాసం పోలేదు. ఎందుకు?"

సీఓపీడీ అంటే ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు. బీడీ పొగైనా, కందికట్టె పొయ్యి పొగైనా న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలను ఊపిరితిత్తుల్లోకి రప్పిస్తుంది. ఈ జబ్బులో పొగ ఆగినా వాటి రాక పూర్తిగా ఆగదు. అవి వదిలే ఎలాస్టేజ్ అనే ఎంజైమ్ గాలి గదుల గోడల్లోని సాగే పీచును తినేస్తుంది, కళ్లెనూ పెంచుతుంది. పోయిన గోడలు మళ్లీ లేవవు. ఎలాస్టేజ్‌ను అడ్డుకునే ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రోటీన్ పుట్టుకతోనే తక్కువై ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లను 1963లో స్వీడన్‌లో గుర్తించాకే ఈ ఎంజైమ్ మీద అనుమానం బలపడింది.

నాకు ఇంకా విచిత్రంగా తోచేది మాక్రోఫేజ్‌లు అనే రక్షణ కణాల తీరు. సూక్ష్మజీవులను మింగడం వీటి పని. సీఓపీడీలో ఆ పని మందగిస్తుంది, వాపు పెంచే రసాయనాలు మాత్రం ధారాళంగా వదులుతాయి. జబ్బు మాటిమాటికీ తిరగబెట్టడానికి ఇదీ ఒక కారణమే.

న్యూట్రోఫిల్స్ తెచ్చే వాపు స్టెరాయిడ్లకు అంతగా లొంగదు. రక్తంలో ఇయోసినోఫిల్స్ అనే మరో రకం తెల్ల కణాలు మైక్రోలీటరుకు 300, ఆపైన ఉంటే పీల్చే స్టెరాయిడ్‌తో మేలు జరిగే అవకాశం ఎక్కువ. అందుకే పక్కింటాయన ఇన్‌హేలర్ తెచ్చి వాడకండి (మన ఊళ్లలో ఇది మామూలే). ఆ రక్తపరీక్ష, స్పైరోమెట్రీ (ఊది ఊపిరితిత్తుల శక్తిని కొలిచే పరీక్ష) గురించి డాక్టరును అడగండి. బీడీ మానడం వృథా కాలేదు, ఊపిరితిత్తుల శక్తి తరిగే వేగం దానివల్లే తగ్గుతుంది.