వేడర్ నౌక రెక్కలు

ప్రశ్న: అలిపిరి దగ్గర సైన్స్ సెంటర్ చూసొచ్చినప్పటి నుంచీ మా వాడికి అంతరిక్షం పిచ్చి. 'స్టార్ వార్స్' విలన్ డార్త్ వేడర్ నౌకను అట్టతో చేస్తూ రెక్కలు నిలువుగా పెట్టాడు. ఫ్రెండ్ తప్పన్నాడట, నిజమేనా?
– ఒక తల్లి, తిరుపతి

జవాబు: ఫ్రెండ్ చెప్పిందే కరెక్టమ్మా. 1977లో వచ్చిన మొదటి సినిమాలో మామూలు టై ఫైటర్ల (వేడర్ సైన్యం నడిపే చిన్న యుద్ధ నౌకలు) రెక్కలు నిలువు పలకల్లా ఉంటాయి, వేడర్ సొంత టై అడ్వాన్స్‌డ్‌కి మాత్రం పైఅంచులూ కింది అంచులూ లోపలికి వంగి ఉంటాయి, అందుకే గుంపులో ఉన్నా ఇట్టే పోల్చుకుంటాం. నన్ను కదిలించేది ఇంకోటి. మామూలు పైలట్లకి రక్షణ కవచం లేదు, హైపర్‌డ్రైవ్ (కాంతిని మించిన వేగంతో తీసుకెళ్లే ఇంజిన్) కూడా లేదు. ఆయన నౌకకి రెండూ ఉన్నాయి. తన ప్రాణానికి ఒక లెక్క, సైనికుల ప్రాణానికి ఇంకో లెక్క! అట్ట మీద అడ్డంగా రెండు గీతలు గీసి మడవమనండి, ఆ వంపు వచ్చేస్తుంది.