పాయింట్లతో విశాఖలో గది

ప్రశ్న: మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు విశాఖ చూడ్డానికి వెళ్తున్నాం. హోటల్ పాయింట్లు (బస చేసినందుకు హోటల్ సంస్థ ఇచ్చేవి, గది అద్దెకు బదులు వాడుకునేవి) కొన్ని ఉన్నాయి. బీచ్ రోడ్డులో దిగాలా, రుషికొండలోనా?

జవాబు: పెద్దావిడ ఉన్నారు కాబట్టి బీచ్ రోడ్డే మేలండి. కురుసుర జలాంతర్గామి, టీయూ-142 విమాన మ్యూజియంలు అక్కడే ఎదురెదురుగా ఉంటాయి. సోమవారం మాత్రం కురుసురకు సెలవు. అరకు రైలు ఉదయాన్నే బయలుదేరుతుంది. రుషికొండ నుంచి స్టేషన్‌కి రావడం పిల్లలతో కష్టం.

ఇక పాయింట్లు వాడటం లాభమా అన్నది. గది అద్దెకు జీఎస్‌టీ కలిపి, ఆ మొత్తాన్ని హోటల్ అడిగిన పాయింట్లతో భాగించండి. రూ.6,300 గదికి 12,000 పాయింట్లంటే ఒక్కో పాయింటు విలువ సుమారు 52 పైసలు. సెలవుల్లో అద్దె పెరుగుతుంది, కానీ చాలా హోటల్ సంస్థల్లో అడిగే పాయింట్లూ పెరుగుతాయి, అందుకే తేదీ తేదీకీ లెక్క చూడాలి. అకోర్ హోటళ్లలో ఈ తంటా లేదు: 2,000 పాయింట్లకు 40 యూరోల తగ్గింపు. మారియట్ హోటళ్లలో వరసగా అయిదు రాత్రులు పాయింట్లతో తీసుకుంటే ఒకటి ఉచితం.

అసలు చిక్కు మీరు అయిదుగురు కావడంతో. పాయింట్ల గది సాధారణంగా ఇద్దరు పెద్దలకే. అదనపు మంచం, టిఫిన్ ఖర్చు చేతినుంచే. బుక్ చేసేటప్పుడే పిల్లల వయసులు రాయండి, హోటల్‌కు ఫోన్ చేసి మంచం, టిఫిన్ రేటు ఈమెయిల్‌లో తెప్పించుకోండి. ఒక్కోసారి రెండు చిన్న గదులే చవక.