ల్యాప్‌టాప్ బ్యాటరీని ఇంట్లోని ఇన్వర్టర్ బ్యాటరీలా చూడకండి

ఏటా ఆగస్టు వచ్చేసరికి అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం వైపు నుంచి పై చదువులకు బయలుదేరిన పిల్లలు షికాగో పరిసరాల్లో ఉన్న మా బోటి వాళ్ళ దగ్గరకు సందేహాలతో వస్తారు. అద్దె ఇల్లు, బ్యాంకు ఖాతా, బస్సు పాసు వంటివి ఒక కొలిక్కి వచ్చాక, తరగతులు మొదలైన రెండు మూడు వారాలకు, దాదాపు ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "బాబాయ్ గారూ, కొన్నప్పుడు ఆరు గంటలు వచ్చిన ల్యాప్‌టాప్ ఇప్పుడు మూడు గంటలకే ఆగిపోతోందండి, రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంచడం వల్లేనా?" అని అడుగుతారు. పరీక్ష రాస్తుండగానో, ఉద్యోగపు ఇంటర్వ్యూలో మాట్లాడుతుండగానో తెర నల్లబడిపోతే ఆ పిల్లవాడికి జరిగే నష్టం చిన్నది కాదు కనుక, ఈ సమాధానాన్ని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మన డెల్టా ఇళ్ళలో పెరిగిన వారందరికీ బ్యాటరీ అంటే మొదట తెలిసేది వరండా మూలనో మెట్ల కిందనో ఉండే ఇన్వర్టర్ బ్యాటరీయే. తుపాను వస్తుందని రేడియోలో చెప్పగానే దాన్ని నిండా ఛార్జ్ చేసి ఉంచడం, నెలకో రెండు నెలలకో మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోయడం, ఎప్పుడూ ఖాళీ కానివ్వకుండా చూసుకోవడం మన పెద్దలు నేర్పిన పద్ధతులు. ఆ బ్యాటరీ సీసం, ఆమ్లంతో పనిచేసేది. సగం ఛార్జితో చాలా రోజులు వదిలేస్తే దాని పలకల మీద సల్ఫేట్ గట్టిపడి అది తిరిగి కోలుకోదు కాబట్టి, దాన్ని నిండుగా ఉంచడమే సరైన పని. ల్యాప్‌టాప్‌లో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. దీని స్వభావం సరిగ్గా దానికి తలకిందులు: నిండుగా ఉండడమూ, ఆ నిండుదనంలో వేడిగా ఉండడమూ దీన్ని అన్నిటికంటే త్వరగా ముసలిదాన్ని చేస్తాయి. ఈ ఒక్క తేడా మనసులో నాటుకుంటే మిగిలిన జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. ఈ మధ్య కొన్ని ఇన్వర్టర్లకూ లిథియం బ్యాటరీలు వస్తున్నాయి. నేను చెబుతున్నది పాత తరహా వాటి గురించి.

దీని వెనుక ఉన్న కారణం ఇది. ల్యాప్‌టాప్ బ్యాటరీలో ఒక్కో సెల్ మామూలుగా 3.6 లేదా 3.7 వోల్టుల దగ్గర పనిచేస్తుంది, నూటికి నూరు శాతం నిండినప్పుడు 4.2 వోల్టులకు లేదా అంతకు కాస్త పైకి చేరుతుంది. ఆ ఎత్తులో సెల్ లోపలి ద్రావణం ఎలక్ట్రోడ్లతో నెమ్మదిగా చర్య జరుపుతూనే ఉంటుంది, ఆ చర్యలో కొంత లిథియం శాశ్వతంగా చిక్కుకుపోయి మళ్ళీ పనికి రాదు. ఉష్ణోగ్రత పెరిగితే ఆ చర్య వేగం పెరుగుతుంది. స్థూలంగా చెప్పే అంచనా ప్రకారం, 40 శాతం ఛార్జితో 25 డిగ్రీల చోట ఏడాది పాటు ఊరికే ఉంచిన బ్యాటరీ తన సామర్థ్యంలో 4 శాతం పోగొట్టుకుంటే, అదే బ్యాటరీ నిండా ఛార్జితో 40 డిగ్రీల వేడిలో ఉంటే 35 శాతం దాకా పోగొట్టుకుంటుంది. రెండు సందర్భాల్లోనూ దాన్ని ఎవరూ వాడలేదన్న సంగతి గమనించండి. రోహిణీ కార్తెలో మన ఊళ్ళలో గదుల వేడి ఎంత ఉంటుందో నేను వేరే చెప్పనక్కర లేదు.

"పూర్తిగా సున్నాకు దించి, తర్వాత నూటికి ఎక్కించాలి" అని మీ అన్నయ్యలో సీనియర్లో చెప్పిన సలహా నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటిది. లిథియం అయాన్ బ్యాటరీ మార్కెట్టులోకి వచ్చింది 1991లో. దాని పునాది వేసిన జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈ బ్యాటరీకి ఆ పాత నియమం అవసరం లేదు సరికదా, తరచూ సున్నాకు దించడం హాని కూడా చేస్తుంది. 20 శాతం దగ్గర ప్లగ్ పెట్టి 80 శాతం దగ్గర తీసేయడం దానికి హాయి. మీటరు చూపించే శాతం నమ్మదగనిదిగా మారినప్పుడు, అంటే 30 శాతం చూపిస్తూనే ఉన్నట్టుండి ఆగిపోతున్నప్పుడు మాత్రం ఒకసారి పూర్తిగా దించి ఎక్కిస్తే లెక్క సరిపడుతుంది.

ఏ మార్పు చేసే ముందైనా మీ బ్యాటరీ అసలు ఎంత మిగిలి ఉందో చూసుకోండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరచి, పవర్‌సీఎఫ్‌జీ అన్న ఆదేశం తర్వాత ఒక ఖాళీ విడిచి, స్లాష్ పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి రాసి (powercfg /batteryreport) ఎంటర్ నొక్కితే ఒక నివేదిక తయారవుతుంది, అది ఏ ఫోల్డరులో ఉందో కూడా అక్కడే చూపిస్తుంది. అందులో డిజైన్ కెపాసిటీ అని ఒక అంకె, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని మరో అంకె ఉంటాయి. మొదటిది 50,000 మిల్లీవాట్ అవర్లు, రెండోది 41,000 ఉంటే మీ బ్యాటరీలో ఇంకా 82 శాతం సత్తువ ఉన్నట్టు. తరగతిలో నోట్సు రాసుకుంటూ సగటున 10 వాట్లు వాడుకుంటే ఆ 41,000 మిల్లీవాట్ అవర్లు, అంటే 41 వాట్ అవర్లు, నాలుగు గంటలు వస్తాయి. వీడియో కాల్‌లో 20 వాట్లు లాగితే రెండు గంటలే వస్తాయి. చాలామంది పాడైపోయిందని నా దగ్గరకు తెచ్చే బ్యాటరీలు నిజానికి పాడైపోయినవి కావు, వాడకం పెరిగినవి. ఈ రెండిటినీ విడదీసి చూడకుండా కొత్త బ్యాటరీకి డబ్బు పెట్టవద్దు. మ్యాక్ వాడేవారికి సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ అన్న చోట ఇదే సమాచారం దొరుకుతుంది.

వాడకం ఎక్కువైన సందర్భంలో అన్నిటికంటే పెద్ద ఖర్చు సాధారణంగా తెర వెలుతురుదే. ఆరుబయట తప్ప, గది లోపల సగం వెలుతురు చాలా వరకు సరిపోతుంది. తెర రిఫ్రెష్ రేటు, అంటే బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందన్నది, 120 హెర్ట్జ్ ఉంటే ప్లగ్ లేనప్పుడు 60కి దించండి. గేముల కోసం ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు ఉన్న యంత్రం కొనుక్కున్న పిల్లలు, ఆ కార్డు మామూలు పనుల్లో కూడా మేలుకొని ఉంటోందేమో టాస్క్ మేనేజరులో చూసుకోవాలి. ఆరు గంటలు మూడుకు పడిపోవడానికి అదొక్కటే చాలు. డార్క్ మోడ్ పెడితే ఆదా అవుతుందన్న మాట ఓఎల్‌ఈడీ తెరలకే వర్తిస్తుంది, మామూలు ఎల్‌సీడీ తెర వెనుక దీపం నలుపు చూపించేటప్పుడు కూడా వెలుగుతూనే ఉంటుంది.

ఇక అసలు ప్రశ్న, రాత్రంతా ఛార్జింగ్ సంగతి. నిండిన తర్వాత ల్యాప్‌టాప్ లోపలి సర్క్యూట్ ఛార్జింగ్‌ను తనంతట తానే ఆపేస్తుంది కాబట్టి అతిగా ఎక్కి పేలిపోతుందన్న భయం అక్కర లేదు; కానీ నిండుగా నిలిచి ఉండడమే అరుగుదల కాబట్టి అది రోజూ చేయదగిన పని కాదు. దీనికి మందు మీ యంత్రంలోనే ఉంది. లెనోవో వాంటేజ్‌లో కన్జర్వేషన్ మోడ్, మైఆసూస్‌లో బ్యాటరీ కేర్, హెచ్‌పీ బయోస్‌లో (యంత్రం ఆన్ అయ్యేటప్పుడు తెరుచుకునే మూల అమరికల్లో) బ్యాటరీ హెల్త్ మేనేజర్, డెల్ వారి అమరికల్లో ఎక్కువగా ప్లగ్ మీద వాడేవారి కోసం ఉన్న ఎంపిక, ఇవన్నీ పేర్లు వేరైనా ఛార్జిని నూటికి చేరనివ్వకుండా 80 శాతం దరిదాపుల్లో ఆపేందుకు పెట్టినవే. ఒక్కసారి అది పెట్టుకుంటే ల్యాప్‌టాప్‌ను పగలూ రాత్రీ ప్లగ్‌లో ఉంచినా చింత లేదు. ప్రయాణమో పరీక్షో ఉన్న రోజు ఉదయం దాన్ని తీసేసి నూటికి ఎక్కించుకోండి. ఈ అమరిక గురించి అమ్మేవాడు చెప్పడు, పెట్టె లోపలి కాగితంలోనూ సాధారణంగా ఉండదు. నాకు తెలిసినంతలో బ్యాటరీ ఆయుష్షుకు ఇంతకు మించిన సులువైన ఉపకారం లేదు.

వేడి సంగతి మళ్ళీ చెప్పాలి. మూత వేయగానే ల్యాప్‌టాప్ పూర్తిగా నిద్రపోయిందని అనుకుని సంచిలో పెట్టేస్తాం. కొత్త విండోస్ యంత్రాల్లో ఆ నిద్ర చాలా పలుచన; లోపల ఏదో అప్‌డేట్ మొదలై, గాలి ఆడని సంచిలో యంత్రం కాలిపోతున్నట్టు వేడెక్కుతుంది, బస్సు దిగేసరికి సగం ఛార్జి కూడా ఉండదు. మూత వేస్తే హైబర్నేట్ అయ్యేలా, అంటే తెరిచి ఉన్న పనిని దాచుకుని పూర్తిగా ఆగిపోయేలా, సెట్టింగ్స్‌లో మార్చుకోండి. పరుపు మీద, దుప్పటి మీద పెట్టి పనిచేయడమూ అంతే, అడుగున ఉన్న గాలి రంధ్రాలు మూసుకుపోతాయి.

కోనసీమలో పుట్టినవారికి అనుభవం లేనిది చలి. జనవరిలో ఇక్కడ సున్నాకు పది, పదిహేను డిగ్రీలు కిందకు పోయిన రోజుల్లో ల్యాప్‌టాప్‌ను కారు డిక్కీలో వదిలేయకూడదు. చల్లబడిన బ్యాటరీ తక్కువ గంటలు ఇవ్వడం తాత్కాలికమే, వెచ్చబడితే అది తిరిగి వస్తుంది. గడ్డకట్టే చలిలో ఛార్జ్ చేస్తే మాత్రం లిథియం లోహంగా పేరుకుపోయి శాశ్వత నష్టం జరుగుతుంది. ఇంటికి తెచ్చాక సంచిలోంచి తీయకుండానే ఒక గంట ఉంచి, గది వేడికి వచ్చిన తర్వాత తెరవండి, లేకపోతే లోపల తేమ పడుతుంది.

ఛార్జరు గురించి అడిగేవారికి క్లుప్తంగా చెబుతాను. ఇటుకలాంటి ఆ పెట్టె మీద 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే అది ఇక్కడి 120 వోల్టులకూ, మన 230 వోల్టులకూ సరిపోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ కొనవద్దు. గోడకూ ఆ పెట్టెకూ మధ్య ఉండే తీగను ఊడదీసి ఈ దేశపు పిన్నులున్న తీగ కొనుక్కుంటే, ఊగిపోయే ట్రావెల్ అడాప్టరు అవసరం ఉండదు. మూడో పిన్ను, అంటే ఎర్త్ ఉన్నదే తీసుకోండి. రెండు పిన్నులదైతే లోహపు ఒంటి మీద చెయ్యి పెట్టినప్పుడు సన్నగా జిల్లుమంటుంది.

సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు పాత ల్యాప్‌టాప్‌ను అమ్మానాన్నలకు ఇచ్చి వచ్చేవారు చాలామంది. అది ఇంట్లో ఎలా ఉంటుందో నేను చూశాను. హాల్లో బల్ల మీద, దుమ్ము పడకుండా ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పి, వీడియో కాల్‌కు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలని ప్లగ్ తీయకుండా ఉంచుతారు. "ఎప్పుడు చూసినా ఫుల్లుగానే ఉంచామండి, మరి ఎందుకు పోయిందండి?" అని ఒక తండ్రి నన్ను ఎంతో బాధగా అడిగారు. ఆయన చూపించిన యంత్రంలో టచ్‌ప్యాడ్ ఒక పక్క గోరు దూరేంత పైకి లేచి ఉంది, క్లిక్ పడడం లేదు, మూత వేస్తే ముందు భాగంలో సందు కనిపిస్తోంది, బల్ల మీద పెడితే కుదురుగా నిలవకుండా ఊగుతోంది. లోపల బ్యాటరీలో గ్యాసు పుట్టి ఉబ్బిందని వీటికి అర్థం. ఆయన చేసిందంతా ఇన్వర్టరుకు చేయవలసిన సేవే. ఎవరూ తేడా చెప్పకపోవడం వల్ల ఇలా జరిగింది. అందువల్ల ల్యాప్‌టాప్ ఇచ్చేటప్పుడే 80 శాతం అమరికను మీరే పెట్టి ఇవ్వండి, వాడుతున్నంతసేపూ గుడ్డ తీసేయమని చెప్పండి. ఎవరూ వాడని యంత్రాన్ని బీరువాలో దాచేటట్టయితే సగం ఛార్జితో పూర్తిగా ఆపేసి దాచాలి, ఆరు నెలలకొకసారి తీసి మళ్ళీ సగానికి ఎక్కించాలి. ఖాళీగా వదిలేస్తే బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూట్ దాన్ని శాశ్వతంగా పనిచేయకుండా చేసేయవచ్చు.

ఉబ్బిన గుర్తులు కనిపిస్తే వెంటనే ప్లగ్ తీసి, యంత్రం ఆపేసి, ఇక ఛార్జ్ చేయకుండా సర్వీస్ సెంటరుకు పంపించాలి. టచ్‌ప్యాడ్‌ను నొక్కి సర్దడం, సూదితో గుచ్చి గాలి తీయడం ప్రాణాంతకం. చిల్లు పడిన లిథియం సెల్ నిప్పంటుకుంటుంది. బ్యాటరీ తీసేశాక కూడా చాలా ల్యాప్‌టాప్‌లు నేరుగా ఛార్జరు మీద పనిచేస్తాయి, అయితే కరెంటు పోయిన క్షణంలో ఆగిపోకుండా ఇంటి ఇన్వర్టరును యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి.

కొత్త బ్యాటరీ కొనేటప్పుడు మిల్లీ ఆంపియర్ అవర్ల అంకె చూసి మోసపోవద్దు, దాన్ని వోల్టేజీతో గుణించి, వెయ్యితో భాగించి వాట్ అవర్లలోకి మార్చి పాత దానితో పోల్చండి: 11.4 వోల్టులు, 4,400 మిల్లీ ఆంపియర్ అవర్లు అంటే దాదాపు 50 వాట్ అవర్లు. తయారీదారు అధీకృత కేంద్రంలో కొన్నది ఖరీదెక్కువైనా దానికే నా ఓటు. విమానంలో తెచ్చుకునేటట్టయితే విడి బ్యాటరీ, పవర్ బ్యాంకు రెండూ చేతి సంచిలోనే ఉండాలి, ఆవకాయ జాడీలు సర్దిన పెద్ద పెట్టెలో పెట్టకూడదు. 100 వాట్ అవర్ల వరకు అనుమతి అడగనక్కర లేదు, 160 వరకు విమాన సంస్థను ముందుగా అడగాలి.

తీసేసిన పాత బ్యాటరీని వీధిలో సైకిలు మీద వచ్చే పాత ఇనుపసామాన్ల అబ్బాయికి ఇవ్వవద్దని ఇంట్లో గట్టిగా చెప్పండి. సీసం బ్యాటరీకి తూకం ధర ఉంది, ఇది అలాంటిది కాదు, బస్తాలో ఇనుము కింద నలిగితే మంట లేస్తుంది. 2022లో మన దేశంలో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించే బాధ్యత తయారీదారులది, కాబట్టి కాకినాడలోనో రాజమండ్రిలోనో భీమవరంలోనో ఆ కంపెనీ సర్వీస్ సెంటరుకు ఫోన్ చేసి, తీసుకుంటారా అని కనుక్కుని పంపించండి. అంతవరకు దాన్ని వంటగదికీ ఎండకూ దూరంగా, సిమెంటు అరుగు మీద విడిగా ఉంచాలి.