ఊక బదులు ఏం వాడొచ్చని అడిగిన మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. షెల్ (ఆకాశంలోకి ఎగిరి విచ్చుకునే బాణసంచా గుండు) లోపల తుపాకి మందు పూత వెయ్యడానికి ఊక బదులు ఇంకేం పనికొస్తుంది, పత్తి గింజలా, మరమరాలా అని అడిగావు. బాణసంచా మీద నీకెంత ఇష్టముందో ఆ ప్రశ్నలోనే తెలుస్తోంది. అందుకే దాచకుండా చెప్తున్నాను. ఆ పూత పని ఇంట్లో పెట్టుకోవద్దు, నాన్నా.

ఊక అక్కడ ఎందుకుందో మాత్రం నువ్వు తెలుసుకోవాలి. షెల్‌ని ఒక గొట్టంలో దింపుతారు. ఆ గొట్టం అడుగున ఉన్న మందు అంటుకుని షెల్‌ని పైకి విసురుతుంది. అదే సమయంలో అంటుకున్న లోపలి వత్తి కొన్ని సెకన్లు కాలి, షెల్ పైకెళ్ళి ఆగబోయే వేళకి నడిమధ్య మందుకి నిప్పు అందిస్తుంది. ఆ మందు పెంకుని పగలగొట్టి, చుట్టూ పేర్చిన స్టార్స్‌ని, అంటే రంగు మందు ఉండల్ని, అంటించి నలుదిక్కులా చిమ్ముతుంది. మధ్యలో అంతా పొడే ఉంటే అది గట్టిగా కూరుకుపోతుంది, మంట దూరడానికి సందుండదు. పైగా బరువు. అదే ఊక మీద పూతగా ఉంటే ప్రతి పొట్టు చుట్టూ కాస్త గాలి ఉంటుంది కాబట్టి మంట ఒక్కసారిగా అంతటా పాకుతుంది. పత్తి గింజ చేసే పనీ అదే. అంటే పూత లోపలి పొట్టు పేలడం కోసం కాదు, చోటు కోసం. ప్రదర్శన మర్నాడు మైదానం ఊడుస్తుంటే ఒక్కోసారి నల్లగా మాడిన పొట్టు దొరుకుతుంది. వేళ్ళ మధ్య నలిపితే మసి రాలిపోయి, కింద సన్నటి గీతలు ఇంకా కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు దాన్ని చాలాసేపు చేతిలోనే పట్టుకుని ఉండిపోయాను.

నన్ను భయపెట్టింది నీ ప్రశ్నలోని "బదులు" అన్న మాట. ఈ పనిలో చాలా ప్రమాదాలు అక్కడే మొదలవుతాయి. సురేకారం, బొగ్గు, గంధకం కలిసిన మందుకి ఒక స్వభావం ఉంది. సురేకారం దొరకలేదని ఎవరైనా క్లోరేట్ అనే వేరే రసాయనం తెచ్చి గంధకంతో కలిపితే, చిన్న రాపిడికే, ఒక్కోసారి ఏ కారణం కనిపించకుండానే అంటుకుంటుంది. తడిగా ఉన్నంతసేపు మందు సాధువులా ఉంటుంది. ఆరిన తర్వాత ఎగిరే ధూళి, ఒక చిన్న నిప్పురవ్వ చాలు, గదిలో ఉన్నవాళ్ళకి తలుపు దాకా వెళ్ళే టైమ్ కూడా ఉండదు. అనుమతి ఉన్న చోట్ల కూడా ఈ పని విడివిడి షెడ్లలో, కొద్దికొద్దిగా చేసేది అందుకే.

నేర్చుకోవాలనుంటే లైసెన్సు ఉన్న బృందంలో హెల్పర్‌గా చేరు. మొదటి ఏడాది గొట్టాలు మొయ్యడం, ఇసుక నింపడం, కాగితాలు ఏరడమే ఉంటుంది. విసుక్కోకు. గొట్టం ఎంత లోతున పాతాలో, గాలి మళ్ళితే జనాన్ని ఎటు జరపాలో అక్కడే తెలుస్తుంది.

నా సంగతొకటి చెప్తాను. కుర్రతనంలో ఒక షెల్ వత్తి కాలింది కానీ పైకి లేవలేదు. అయిదు నిమిషాలైంది కదా అని గొట్టం మీదికి వంగబోయాను. మా పెద్దాయన వెనకనుంచి చొక్కా పట్టి లాగారు. నేను పడిపోయిన మరుక్షణం షెల్ లేచింది, నా నుదుటి మీద వెంట్రుకలు కమిలిపోయాయి. ఆ వాసన ఇప్పటికీ మర్చిపోలేదు. గొట్టం మీదికి తల గాని, చెయ్యి గాని ఎప్పుడూ పెట్టకు, ఖాళీ గొట్టమైనా సరే. అంటుకోని దాన్ని మళ్ళీ వెలిగించకు. 20 నిమిషాలు ఆగి, పక్కనుంచి నీళ్ళు పోసి, తర్వాత బకెట్‌లో ముంచి రాత్రంతా ఉంచు.

ఒళ్ళు కాలితే ఆ చోటుని 20 నిమిషాలు పారే చల్లటి నీళ్ళ కింద పెట్టు. ఐసు, టూత్‌పేస్ట్ వద్దు. వాపు రాకముందే ఉంగరం, వాచీ తీసెయ్యి. కంటికి దెబ్బ తగిలితే మాత్రం అన్నీ వేరు: రుద్దకూడదు, కడగకూడదు, చుక్కల మందు వెయ్యకూడదు. కంటికి ఆనకుండా పైన టీ తాగే కాగితం కప్పు ఒకటి అడ్డం పెట్టి వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి. చిన్నపిల్లల చేతికి మనం ధైర్యంగా ఇచ్చే కాకరపువ్వొత్తి కూడా సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ వేడితో కాలుతుందని గుర్తుంచుకో.

రంగుల గురించి ఆసక్తి ఉందన్నావు కదా, దాన్ని ధైర్యంగా పెంచుకో. ఎరుపు స్ట్రాన్షియంది, ఆకుపచ్చ బేరియంది, నీలం రాగిది. నీలం అన్నిటికన్నా మొండిది. మంట వేడెక్కితే ఆ రంగునిచ్చే పదార్థం విడిపోయి రంగు వెలిసిపోతుంది. ఈసారి ప్రదర్శన చూసేటప్పుడు నీలం ఎంత శుభ్రంగా వచ్చిందో గమనించు, చేసినవాళ్ళ చేతి పని అక్కడ తెలుస్తుంది. వెలుగు కనపడ్డాక శబ్దం వినపడేదాకా సెకన్లు లెక్కపెట్టు. 3 సెకన్లయితే నువ్వు దాదాపు కిలోమీటరు దూరంలో ఉన్నట్టు.

సెలవులు దొరికితే నా దగ్గరికి రా, మా బృందంతో మాట్లాడి ఉంచుతాను. నైలాన్ బట్టలు వద్దు, నూలు చొక్కా, మూసిన బూట్లు, కళ్ళద్దాలు తెచ్చుకో. ఫోన్ బ్యాగులో పెట్టుకుని రా. మొదటి రోజు నీకు నీళ్ళ బకెట్ల పని ఇస్తాను.

మీ మామయ్య