ప్లస్ వన్‌లో సంగీతం తీసుకుంటే ఇంజనీరింగ్‌కు అడ్డమా?

అన్నా, మీ బిడ్డ నల్లగొండలో సీబీఎస్‌ఈ పదో తరగతి చదువుతోందని, ప్లస్ వన్‌లో, అంటే పదకొండులో, మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీతో పాటు కర్ణాటక సంగీతం తీసుకుంటానని పట్టుబట్టిందని, దానితో ఇంజనీరింగ్ సీటు పోతుందేమోనని అడిగారు. పోదు. నాది మహబూబ్‌నగర్. అవే సబ్జెక్టులతో పన్నెండు దాటి ఇంజనీరింగ్ చేసినదాన్నే.

సీబీఎస్‌ఈలో ఇంగ్లిష్, ఆ మూడు సబ్జెక్టులు పోను ఐదోది మన ఇష్టం. అక్కడ సంగీతం సరిగ్గా సరిపోతుంది. ఐఐటీలో చేరడానికి పన్నెండులో 75 శాతం చూస్తారు కదా, ఆ లెక్కలో కూడా ఐదో సబ్జెక్టు కింద సంగీతం మార్కులు కలుస్తాయి. ఇంటర్ బోర్డుకు మారితే మాత్రం కుదరదు. ఎంపీసీలో రెండు భాషలు, మూడు సబ్జెక్టులతోనే గ్రూపు నిండిపోతుంది. అప్పుడు ప్రభుత్వ సంగీత కళాశాలలే దిక్కు. హైదరాబాద్ రాంకోఠిలో త్యాగరాజ కళాశాల ఉంది. సర్టిఫికెట్ నాలుగేళ్లు, ఆపైన డిప్లొమా రెండేళ్లు. కానీ నల్లగొండ నుంచి రోజూ పట్నం పోయి రావడం ఆ వయసు పిల్లకు అయ్యే పని కాదు.

ఇక అసలు సంగతి. సంగీతం అంటే మార్కులు ఊరికే పడతాయని ఎవరన్నా చెబితే నమ్మకండి. థియరీ 30, ప్రాక్టికల్ 70. అంటే నూటికి డెబ్బై మార్కులు ఎగ్జామినర్ ముందు కూర్చుని, శ్రుతి తప్పకుండా, చేత్తో తాళం వేస్తూ తెచ్చుకోవాలి. వర్ణాన్ని, అంటే గీతాల తర్వాత నేర్చుకునే పెద్ద రచనను, మొదట ఒకటో కాలంలో, వెంటనే దానికి రెట్టింపు వేగమైన రెండో కాలంలో పాడమంటారు. గొంతు వేగం అందుకున్నా చెయ్యి అందుకోదు. అది పరీక్షల ముందు వారంలో వచ్చే విద్య కాదు. నేను పొద్దున స్టడీ అవర్ మొదలుకాక ముందే శ్రుతి పెట్టె పెట్టుకుని కూర్చునేదాన్ని, రోజూ.

అందుకే సిలబస్ కన్నా ముందు టీచర్ గురించి అడగండి. మా బళ్లో సంగీతం మేడం నడి సంవత్సరంలో వెళ్లిపోయారు. కొత్తవారు వచ్చేదాకా మమ్మల్ని లైబ్రరీలో కూర్చోబెట్టారు. థియరీ పుస్తకం చూసి చదువుకున్నాం, కానీ గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికే తీరు, ఎక్కడ జారిందో పుస్తకం చెప్పదు కదా. చిన్న క్లాసులకు పాటలు నేర్పే సంగీతం సార్ ఉన్నంత మాత్రాన పదకొండులో ఆ సబ్జెక్టు ఉన్నట్టు కాదు. సీబీఎస్‌ఈలో కర్ణాటక గాత్రం సబ్జెక్టు కోడ్ 031. వీణ, వయొలిన్ లాంటి వాటికి 032, మృదంగానికి 033. పన్నెండో తరగతి పిల్లలను ఆ కోడ్‌తో పరీక్షకు పంపారా అని సూటిగా అడగండి.

థియరీ గురించి భయం వద్దు. లెక్కలంటే ఇష్టమున్న పిల్లకు 72 మేళకర్తలు, అంటే మిగతా రాగాలకు మూలమైన రాగాలు, ఎంత ముచ్చటగా ఉంటాయో! మాయామాళవగౌళ తీసుకోండి. అక్షరానికో అంకె ఇచ్చే కటపయాది లెక్కలో ‘మా’ అంటే 5, ‘య’ అంటే 1. తిరగేస్తే 15. అది పదిహేనో మేళం. రాగం పేరులోనే దాని నంబరు ఉందని తెలిసిన రోజు నేను నోటుబుక్కు నిండా పేర్లు రాసుకుని లెక్క చూసుకున్నాను.

నాకు మిగిలింది మార్కులు మాత్రమే కాదన్నా. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. లింగాల మండలం అవుసలికుంట ఆయనది, మా పాలమూరే. అట్లాగే దామరగిద్ద బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్ప గారికి 2024లో వచ్చింది. చిన్నప్పుడు కథ చెబుతూ వాయించే అట్లాంటి వాయిద్యం వింటే కథ మీదే నా ధ్యాస ఉండేది. ఇప్పుడు వేలు ఏ మెట్టు మీద ఆగింది, ఏ స్వరం కావాలనే వదిలేశారు అన్నది వినపడుతుంది. ఆ చెవి నాకు ఆ రెండేళ్ల చదువే ఇచ్చింది.

మీ అమ్మాయి ఇప్పటికే గీతాలు దాటి వర్ణాల్లోకి వచ్చి ఉంటే నిశ్చింతగా చేర్పించండి. ఇంకా తొలి పాఠాలైన సరళీ స్వరాల దగ్గరే ఉంటే, పదో తరగతి పరీక్షలు అవ్వగానే దగ్గర్లో నేర్పేవారిని చూసి ఆ ఎండాకాలం మొత్తం కూర్చోబెట్టండి. జంట స్వరాలు, అలంకారాలు మూడు కాలాల్లో వచ్చాక బడిలో అడుగుపెడితే మిగతాది అందుకోగలదు. ఆ మూడు నెలలు కూర్చోవడం బరువు అనిపించకపోతే, వద్దనకండి.