రెండు రూపాయల మిత్తి, రెండు శాతం గడి

ప్రశ్న: మాది హనుమకొండ. ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని, జీతం 48 వేలు. మా ఇంటావిడ నర్సు, ఆమెకు 24 వేలు. వేసవిలో రెండు నెలలు నాకు సగం జీతమే వస్తుంది. ఇప్పుడు 9 వేల కిరాయి ఇంట్లో ఉంటున్నాం. అన్నీ పోను మామూలు నెలల్లో 20 వేలు మిగులుతాయి, అందులో 5 వేలు సిప్‌కు (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే పెట్టుబడి) పోతాయి. చేతిలో 12 లక్షలున్నాయి. 42 లక్షల ఫ్లాట్ చూశాం. 30 లక్షలు హోమ్ లోన్ తీసుకుంటాం, 20 ఏళ్లకు, 8.5 శాతానికి. రిజిస్ట్రేషన్ ఖర్చుకు తెలిసినాయన 3 లక్షలు రెండు రూపాయల మిత్తికి ఇస్తానంటున్నాడు. ఆన్‌లైన్ క్యాలిక్యులేటర్లలో చూస్తే ఆ 3 లక్షల మీద మూడేళ్లకు మిత్తి 9 వేల పైచిలుకే. 20 ఏళ్లకు హోమ్ లోన్ వడ్డీ 32 లక్షలు, సిప్‌లో వచ్చేది 75 లక్షలు. అంటే మాకు లాభమే కదా? ముందుకు పొమ్మంటారా?

జవాబు: ముందు ఆ 9 వేల సంగతి తేల్చుకుందాం. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో వడ్డీ గడిలో 2 అని కొట్టి ఉంది. ఆ గడి అడిగేది ఏడాదికి ఎంత శాతమని. మన దగ్గర రెండు రూపాయల మిత్తి అంటే నూటికి, నెలకు రెండు రూపాయలు. ఏడాదికి 24 శాతమన్నమాట. మా నాయన వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి (కమీషన్) దుకాణం గుమస్తా. ఎవరైనా అప్పు మాట ఎత్తితే ఆయన మొదట అడిగేది "ఎన్ని నెలలకు?" అనే. శాతం అన్న మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు. మీ 3 లక్షలకు నెలకు 6,000 మిత్తి. మూడేళ్లకు 2,16,000 కడతారు, అసలు మాత్రం అక్కడే కూర్చుని ఉంటుంది. పైగా క్యాలిక్యులేటర్ మీరు నెలనెలా అసలు కూడా తీరుస్తున్నారనుకుని లెక్క కట్టింది. ఇలాంటి అప్పుల్లో ఆ పద్ధతి ఉండదు. ఈ అప్పు జోలికి పోకండి.

బైకు షోరూముల్లో చెప్పే 'ఫ్లాట్ రేటు'తోనూ ఇదే తిప్పలు. లక్ష రూపాయలకు 10 శాతం ఫ్లాట్, మూడేళ్లు అంటే నెలకు 3,611 కడతారు. తీరిపోయిన అసలు మీద కూడా వడ్డీ వేస్తారు కాబట్టి నిజం రేటు 18 శాతానికి దగ్గర. 2024 అక్టోబరు నుంచి బ్యాంకులైనా, ఫైనాన్స్ కంపెనీలైనా వ్యక్తులకు ఇచ్చే లోన్లకు 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' అనే కాగితం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. ఛార్జీలన్నీ కలుపుకున్న నిజం వడ్డీ రేటు, ఏపీఆర్, అందులో ఉంటుంది. అది చూసి గానీ సంతకం పెట్టకండి.

ఇక మీ 32, 75. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి తీసివేత చేశారు, తప్పంతా అక్కడే ఉంది. 30 లక్షలకు నెలకు 26,035 కట్టాలన్నది ఒప్పందం. మీ జీతం పడ్డా పడకున్నా బ్యాంకు వసూలు చేసుకుంటుంది. మొదటి నెల కట్టే 26,035లో 21,250 వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 4,785. సిప్ గడిలో వచ్చిన 75 లక్షలు ఎవరూ ఇస్తామని మాటిచ్చింది కాదు. రేటు గడిలో ముందే 15 వేసి ఉంటే మీరు దాన్ని మార్చలేదు. అదే 5,000, అదే 20 ఏళ్లు, 12 శాతం వేయండి, దాదాపు 50 లక్షలు చూపిస్తుంది. 10 వేస్తే 38 లక్షలు. చిత్రమేమిటంటే, 12 శాతానికే ఒక సైటు 49.96 లక్షలు చూపిస్తే ఇంకోటి 45.99 లక్షలు చూపిస్తుంది. ఒకటి 12ను పన్నెండు నెలలకు సమంగా పంచి నెలకు 1 శాతం అనుకుంటుంది. రెండోది చక్రవడ్డీతో ఏడాది చివరికి సరిగ్గా 12 అయ్యేలా, నెలకు 0.95 శాతం అనుకుంటుంది. రెండూ తప్పు కావు. గడిలో ఒక ఊహకే 4 లక్షలు అటూఇటూ అయిపోయాయి. ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఆ 50 లక్షలకు ఇవాళ్టి లెక్కన వచ్చేది దాదాపు 15.6 లక్షల సరుకే.

హోమ్ లోన్ గడిలోనూ కదిలే అంకె ఒకటుంది. మీది ఫ్లోటింగ్ రేటు, అంటే మధ్యలో మారే వడ్డీ. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ) 4 నుంచి 6.5 శాతానికి ఎక్కింది, లోన్లున్న వాళ్లకు ఆ ఏడాది బాగా గుర్తుంటుంది. మీ రేటు 8.5 నుంచి 9.5కు పోయిందనుకోండి. ఈఎంఐ, అంటే నెలవారీ కిస్తు, మార్చకుండా గడువు పెంచితే 240 నెలలది దాదాపు 309 నెలలవుతుంది. ఐదేళ్ల తొమ్మిది నెలలు ఎక్కువ! పిల్లల పెళ్లిళ్ల నాటికి కూడా కడుతూనే ఉంటారు. అందుకే రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా అని బ్యాంకు మిమ్మల్ని అడగాలని 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు చెప్పింది. అడిగినప్పుడు బద్ధకించకండి. ఫ్లోటింగ్ హోమ్ లోన్ ముందే తీర్చినా వ్యక్తులకు జరిమానా ఉండదు, చేతిలో పైసలు ఆడినప్పుడల్లా కొంచెం కొంచెం కట్టేయొచ్చు.

ఏ క్యాలిక్యులేటర్‌లోనూ లేని గడి ఒకటి మీ ఉత్తరంలోనే ఉంది, మీ వేసవి. పది నెలలు 20 వేలు మిగిలితే, జీతం 24 వేలు తగ్గే రెండు నెలల్లో నెలకు 4 వేలు లోటు. ఏడాదికి మిగిలేది 1,92,000, అంటే నెలకు సగటున 16 వేలు. సిప్ 5 వేలు తీస్తే 11 వేలు. కిరాయి తప్పుతుంది కాబట్టి ఆ 9 వేలు కలపండి, 20 వేలు. మీరు మోయగలిగిన ఈఎంఐ ఇది. బ్యాంకు 30 లక్షలు ఇస్తానంటుంది, ఎందుకంటే దానికి కనిపించేది జీతం స్లిప్పు, మే నెల కాదు.

కాబట్టి క్యాలిక్యులేటర్‌ను తిరగేసి వాడండి. ఈఎంఐ 20 వేలు, 8.5 శాతం, 20 ఏళ్లు అని లోన్ ఎంతొస్తుందో చూడండి, 23 లక్షలు. చేతిలోని 12లో లక్షన్నర ఆసుపత్రికీ ఆపదకూ ముట్టుకోకుండా ఉంచితే 10.5. మొత్తం 33.5 లక్షలు. తెలంగాణలో 2021 జులై నుంచి రిజిస్ట్రేషన్ ఖర్చులు కలిపి 7.5 శాతం, అందులోంచే పోవాలి. అంటే 31 లక్షల దాకా ఇల్లు మీది. 42 లక్షల ఫ్లాట్ మీకు 11 లక్షలు ఎక్కువ. ఈ మాట ఇంట్లో చెప్పడం కష్టమని తెలుసు, ఆ ఫ్లాట్ బాల్కనీ గురించి మీరే నాలుగు లైన్లు రాశారు మరి, ఇక్కడ వేయలేదు గానీ.

అయినా మనసు ఆ ఫ్లాట్ మీదే ఉంటే ఒక పని చేయండి. ఈఎంఐ 26 వేలలోంచి కిరాయి తీస్తే 17 వేలు. వచ్చే నెల నుంచి 5వ తారీఖున ఆ 17 వేలు వేరే ఖాతాలో వేయండి, సిప్ ఆపకుండా. ఏప్రిల్, మే నెలల్లోనూ వేయాలి. జూన్‌లో ఆ ఖాతా పాస్‌బుక్ తీసుకుని బిల్డర్ దగ్గరికి పోండి. ఈలోపు అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి.