పాప ఏడవడం లేదు, అదే భయం

హైదరాబాద్ నుంచి ఒక సోదరి రాసింది. భర్తది అఫ్గానిస్తాన్‌లోని బల్ఖ్ ప్రాంతం, తుర్క్‌మెన్ కుటుంబం. స్కాలర్‌షిప్ మీద ఉస్మానియాకి చదువుకోవడానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. అక్కడ అత్తగారు, బావగారు, తివాచీలు నేసే తోటికోడలు, ఎనిమిది నెలల పాప. మగ్గం దగ్గర కూర్చునే ముందు పాప నోట్లో తర్యాక్, అంటే నల్లమందు, పెట్టడం వీడియో కాల్‌లో ఈమె కళ్లారా చూసింది. తోటికోడలికీ ఆ అలవాటు ఉంది. ‘నెలనెలా మేం పంపే డబ్బు ఆపేయమంటే ఆయన వినడం లేదు. ఆపమనడం తప్పా?’ అని అడిగింది.

జవాబు:

డబ్బు సంగతి తర్వాత చూద్దాం. మీరు పంపినా పంపకపోయినా ఆ ఇంట్లో మగ్గం ఆడుతూనే ఉంటుంది. మగ్గం ఆడినన్నాళ్లూ పాప మత్తులోనే ఉంటుంది.

నాలుగు పేజీల ఉత్తరంలో రెండు పేజీలు అత్తగారి మీదే రాశారు, ఒకటి తోటికోడలి మీద. తివాచీ అమ్మి డబ్బు లెక్కపెట్టుకునే బావగారి గురించి ఉన్నది ఒకే ఒక్క ముక్క: ‘ఆయనకి మా ఆయన ఎదురు చెప్పరు.’ మీ కష్టమంతా అక్కడుంది. తండ్రి లేని ఇంట్లో అన్నే తండ్రి, అక్కడైనా ఇక్కడైనా. కాదనను. కానీ తండ్రిని కూడా ‘పాప ఎలా ఉంది నాన్నా?’ అని అడుగుతాం కదా. అడగకుండా డబ్బు పంపి ఊరుకోవడం గౌరవం కాదు, తప్పించుకోవడం.

తోటికోడలిని వ్యసనపరురాలు అని రాశారు. ఆ మాట కొట్టేయండి. నేల మీద పరిచిన మగ్గం ముందు పొద్దుటి నుంచి చీకటి పడేదాకా వంగి కూర్చుంటే నడుము ఏమవుతుంది? డాక్టరు దూరం, తర్యాక్ దగ్గర. మన భాషలోనూ దాని పేరులో ‘మందు’ ఉందిగా! ఉత్తర అఫ్గానిస్తాన్‌లోని బల్ఖ్, జౌజ్జాన్, ఫర్యాబ్ ప్రాంతాల నేత ఇళ్లలో ఇది తరాల అలవాటు. నలభై ఏళ్ల యుద్ధం అలవాటును అవసరంగా మార్చింది. 2015 అఫ్గాన్ జాతీయ సర్వేలో దాదాపు 31 శాతం ఇళ్లలో ఎవరో ఒకరి పరీక్షలో మత్తు పదార్థం బయటపడింది. 2022 ఏప్రిల్‌లో తాలిబాన్ నల్లమందు తీసే గసగసాల సాగును నిషేధించింది. ఆ ఏడాది 2,33,000 హెక్టార్లున్న సాగు మరుసటి ఏడాదికి 10,800కి పడిపోయింది, సరుకు ధర మండిపోయింది. చేతిలో డబ్బున్న వారం పాపకు ఎక్కువ, లేని వారం సున్నా. ఈ ఎగుడుదిగుడే అన్నిటికన్నా ప్రమాదం.

అందుకే, ‘రేపట్నుంచి మానేయండి’ అని ఫోన్‌లో కేకలు వేయకండి. ఒక్కసారిగా ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే వణుకు, ఆగని ఏడుపు, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. చంటిపిల్లకు ఫిట్స్ కూడా రావచ్చు, ఒంట్లో నీరు పోయి ప్రాణం మీదకు రావచ్చు. ఇంట్లోనే కొంచెం కొంచెంగా తగ్గిస్తామన్నా కుదరదు. ముద్దముద్దకీ బలం వేరు. నిన్నటి శెనగగింజంత, ఇవాళ్టి శెనగగింజంత ఒకటి కావు. కొలిచిన మార్ఫిన్ చుక్కలతో, పాపను కనిపెట్టుకుంటూ, ఆస్పత్రిలోనే తగ్గించాలి. బల్ఖ్ రాజధాని మజార్-ఎ-షరీఫ్‌లో పెద్ద ప్రాంతీయ ఆస్పత్రి ఉంది. వెళ్లేముందు వారం రోజులు ఎన్ని గంటలకు, ఎంత పెట్టారో రాసిపెట్టమనండి. డాక్టరు మొదట అడిగేది అదే.

వెళ్లేలోపు చేయాల్సింది వేరే ఉంది. మత్తులో ఉన్న బిడ్డ ఆకలికి ఏడవదు. ఏడవదు కాబట్టి ఎవరూ పాలు పట్టరు. అలా నిశ్శబ్దంగా చిక్కిపోతుంది. గడియారం చూసి మూడు గంటలకోసారి లేపి పాలు పట్టాలి. భుజానికీ మోచేతికీ మధ్య చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే తీవ్రమైన పోషకాహార లోపం, ఒక్క రోజు కూడా ఆగకూడదు. నేతవాళ్లింట్లో టేపు ఉండకపోదు. ఎవరైనా తర్యాక్ పొగ తాగుతుంటే పాప ఆ గదిలో ఉండకూడదు, ఆ పొగతోనూ మత్తు పాపకు చేరుతుంది. లేపినా లేవకపోయినా, పెదాలు నీలంగా మారినా, నిమిషానికి ఇరవై ఊపిరులైనా తీయకపోయినా, కనుపాపలు సూదిమొనంత అయినా అర్ధరాత్రైనా సరే పరుగెత్తాల్సిందే. ఆస్పత్రిలో దానికి విరుగుడు ఇంజెక్షన్ ఉంటుంది, పేరు నాలోక్సోన్.

తల్లి సంగతి విడిగా చూడొద్దు. ఆమె తీసుకున్నది పాలలోనూ పాపకు చేరుతుంది, కాబట్టి వైద్యం ఇద్దరికీ కలిపే జరగాలి. ఆమె మళ్లీ గర్భవతి అయితే ఎట్టి పరిస్థితిలోనూ ఉన్నట్టుండి ఆపకూడదు, గర్భం పోవచ్చు. ఇంకో మాట, ఇది అత్తగారికి మరీ మరీ చెప్పాలి: వైద్యం అయి ఇంటికొచ్చాక ‘పాప ఏడుస్తోంది’ అని పాత మోతాదు పెడితే పాప ప్రాణమే పోవచ్చు. ఈలోపు శరీరం దాన్ని తట్టుకునే అలవాటు పోగొట్టుకుంటుంది.

ఇప్పుడు బావగారి దగ్గరికొద్దాం. తాలిబాన్ 2021 డిసెంబరు ఉత్తర్వు ప్రకారం 72 కిలోమీటర్లు దాటి వెళ్లే ఆడమనిషికి దగ్గరి బంధువైన మగతోడు తప్పనిసరి. అంతకన్నా దగ్గరైనా ఒంటరిగా వచ్చినవాళ్లను తిప్పి పంపిన సందర్భాలున్నాయి. అంటే ఆయన కదలకపోతే తల్లీబిడ్డా ఆస్పత్రి గడప ఎక్కలేరు. అత్తగారితో మీరు వెయ్యిసార్లు పోట్లాడినా బండి కట్టేది ఆయనే.

డబ్బు పంపండి. అయితే దేనికో చెప్పి పంపండి: ఆస్పత్రి ఖర్చుకు కొంత, తోటికోడలు మగ్గం మీదున్న గంటల్లో పాపను ఎత్తుకుని తిరిగే మనిషి కూలికి కొంత. ఊళ్లో పని కోసం చూసే వితంతువులు చాలామందే ఉంటారు. పాపను చూసే చేతులుంటేనే తర్యాక్‌తో పని తప్పుతుంది. నేత రోజుకు రెండు గంటలు తగ్గితే తివాచీ ఆలస్యమవుతుంది, ఆ నష్టం మీరు భరిస్తామని మీ ఆయన నోటితో అనాలి.

ప్రతి శుక్రవారం నమాజు తర్వాత అన్నదమ్ములు మాట్లాడుకుంటారని రాశారు. ఈసారి ఆయన పక్కనే కూర్చోండి. డబ్బు ముట్టిందా అని అడగకముందే పాప బరువెంత అని అడగమనండి. బావగారికి తెలియకపోతే, తూచి వచ్చేదాకా ఫోన్ పెట్టేయొద్దనండి.